వెచ్చబెట్టిన మాంసం

రెండువేల ఆరులో నజ్మీన్, నల్లపాడు అవతల ప్యాకెట్ కూరలు చేసే కంపెనీలో రుచి చూసే ఉద్యోగంలో చేరింది. వండి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ వెచ్చబెట్టిన మాంసం ముక్కల్ని ఎదురుగా పెట్టేవాళ్లు. బాగుంది, బాగాలేదు అంటే ఒప్పుకునేవాళ్లు కాదు. దేని వాసనలా ఉందో, ఎంత ఘాటుగా ఉందో చెప్పాలి. అందుకోసం ముందు తడిసిన అట్టముక్కనీ, పాతబడ్డ వేరుశెనగ నూనెనీ వాసన చూపించి, ఆ తర్వాత వాటిని మాంసంలో వెతకమన్నారు. మొదట్లో ఏమీ అంతుబట్టలేదు. ఒకరోజు ఉన్నట్టుండి ముక్కలో ఆ అట్ట వాసన దొరికింది. ఇక అది ముక్కుని వదల్లేదు.

ఇంట్లో అత్త జోహరాబీ ఆదివారం వండిన మటన్ కొంత సోమవారానికి ఉంచేది. ఆ సోమవారం నజ్మీన్ నోట్లో ముద్ద పెట్టుకోగానే అదే వాసన కొట్టింది. పెరట్లోకి పరిగెత్తి కక్కేసింది. మరుసటి వారమూ అంతే.

పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేని కోడలు. జోహరాబీ కోడల్ని అడక్కుండానే దర్గాకి వెళ్లి చక్కెర పంచింది. కొడుకు వాసిం బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గర పేరు రాయించి వచ్చాడు. పక్కింటి రహమతున్నీసా పచ్చి మామిడికాయలు కొంగులో వేసుకొచ్చి నవ్వేదాకా నజ్మీన్‌కి సంగతి తెలియలేదు.

ఆవిడ వెళ్లాక గోడ పట్టుకుని నిలబడి చెప్పేసింది. "అది కాదత్తమ్మా. వెచ్చబెట్టిన కూర వాసన పడట్లేదు. తడిసిన అట్టముక్కలా ఉంటోంది. ఆఫీసులో నేర్పారు."

జోహరాబీ పొయ్యి మీది కూరగిన్నె దింపింది. "బిడ్డా లేదు, నా కూరా బాగాలేదు. అంతేనామ్మా?" అంది.

నజ్మీన్ ఆఫీసులో బతిమాలుకుని ప్యాకింగ్‌కి మారింది. ముక్కు మాత్రం మారలేదు. రోజులు గడిచినా ఇంట్లో మాటలు ముక్తసరిగానే ఉండేవి.

ఒక సోమవారం జోహరాబీ తనే కోడల్ని కంచం దగ్గరికి పిలిచింది. ఆ అట్ట వాసన ఎక్కడుందో చెప్పమంది. మింగాక నాలుక వెనకాల చూడమంది నజ్మీన్. జోహరాబీ కళ్లు మూసుకుని మెల్లగా నమిలింది. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. తర్వాత చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది.

"ఇన్నేళ్లూ ఇది లేదే," అంది నెమ్మదిగా.

ఆ తర్వాత ఆ ఇంట్లో మిగిలిన మటన్ వాసిం ఒక్కడే తినేవాడు. రెండోరోజే కూరకి రుచి వస్తుందంటూ ఇద్దరినీ పిలిచేవాడు. వాళ్లు పచ్చడి వేసుకునేవాళ్లు.