దవడ మీద తీగలు

మా ఇంట్లో ఇప్పుడు నా పేరు రాతిగుండె. మా మేడం పోయారని అనంతపురం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వసారాలో కూర్చుని వేయించిన చెనక్కాయలు తింటున్నాను. కబురు విన్నాక కూడా నమలడం ఆపలేదు. చెవి కింద, దవడ మూల మీద వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని నమిలాను. "చదువు చెప్పినాయమ్మ పోతే దీని నోరు ఆగల్యా చూడు," అంది అమ్మ నాయనతో. పళ్ళు బిగించినప్పుడు అక్కడ ఒక కండ ఉబ్బి వేలికి తగులుతుంది. మీరూ ఒకసారి చూసుకోండి. కాలేజీలో మేడం నాకు చెప్పిన మొదటి పాఠం అదే. అమ్మకు కన్నీళ్ళు ఒక్కటే ఏడుపులా కనిపిస్తాయి.

"గుండె గురించి చెప్పేవాళ్ళు శానామంది ఉండారు. దవడను అడిగేవాళ్ళేరీ?" అనేవారు మేడం. కాలేజీ వెనక చిన్న గదిలో, చెంప మీద రెండు తీగలు అంటించి, నమిలే కండలో పుట్టే విద్యుత్తును తెర మీద గీతగా చూపించేవారు. పళ్ళ మధ్య ఒక సన్నని పలక పెట్టి కొరుకుడు బలం కొలిచేవారు. గీత ముందు లేస్తుంది, బలం ఒక్క క్షణం వెనక వస్తుంది. ఆ సందు చూసినప్పుడల్లా ఆమె ముఖం వెలిగేది.

గది పక్కనే బోరు మోటారు. అది తిరుగుతుంటే తెర మీద గీతంతా గజిబిజి. అందుకే కరెంటు పోయాక బ్యాటరీల మీద పని చేసేవారు. జిల్లా అంతా కరెంటు ఎప్పుడొస్తుందా అని కూర్చుంటే, ఈమె ఒక్కరే ఎప్పుడు పోతుందా అని కూర్చునేవారు. పోగానే పెళ్ళి పిలుపులా "పోయింది, రాండి రాండి!" అని కేక.

"ఏం మేడం, మీరే శాపం పెడ్తాండారేమో, మా సేండ్లకు నీళ్ళే రావు," అన్నాడు వాచ్‌మన్ ఒకసారి.

"నా నోటికంత బలముంటే వాననే రమ్మంటా గదప్పా!"

ముసలివాళ్ళు ఎలా నములుతారో చూడాలని మేడం అంటే, మా ఊరు ముదిగుబ్బ నుంచి మా అవ్వను తీసుకుపోయాను. మా వైపు ఆడవాళ్ళు చదువుకున్న పెద్దమనుషుల ఎదురుగా నములుతూ కూర్చోరు. అవ్వ తీగల మీదుగా కొంగు కప్పుకుని, చెనక్కాయ గింజలు బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంది. తెర మీద గీత కదల్లేదు.

"నములు అవ్వా!" అని నేను విసుక్కున్నాను.

"ఊరికే నోటికల్లా చూస్తా కూర్చుంటే ఎట్ల నమిలేది పాపా?" అంది అవ్వ.

మేడం నన్ను చేత్తో వారించి, స్టూలు లాక్కుని అవ్వ పక్కనే కూర్చున్నారు. తెరకు వీపు పెట్టి, తానూ గుప్పెడు గింజలు నోట్లో వేసుకున్నారు. "నాకూ ఆకలైతాంది అవ్వా. ఈ యేడు మీ చెనిక్కాయ ఎట్లుండాది?"

"యాడిది తల్లీ! ఊడలు మట్టిలోకి దిగే టయానికి వాన మొగం తిప్పుకొనె." పంట మాట రాగానే అవ్వ కొంగు జారింది, దవడ ఆడింది. గీత లేచింది. మేడం వెనక్కి తిరగలేదు. "వచ్చిందా?" అని మాత్రం నన్ను అడిగారు.

ఒక నాడీకణం, దానితో కదిలే కొన్ని కండ పోగులు కలిసి ఒక జట్టు. దాన్నే మోటార్ యూనిట్ అంటారు. ఒక్క జట్టునే విడిగా చూడాలంటే వెంట్రుకంత తీగ కండలోకి దిగాలి. దాన్ని మేడం తనకు తెలిసిన పళ్ళ డాక్టరు చేత తన దవడలోనే పెట్టించుకున్నారు, వేరే ఎవరికీ పెట్టనివ్వలేదు. మెల్లగా కొరికితే చిన్న జట్లు ముందు లేస్తాయి. వాటి బలం తక్కువ, కానీ తొందరగా అలసిపోవు. గట్టిది తగిలితేనే పెద్దవి లేస్తాయి, త్వరగా డస్సిపోతాయి. "ఇంట్లో నిన్ను చిన్నపిల్లంటారా? అననీ. చిన్నవే కడదాకా ఉండేది," అన్నారు ఆ రోజు, ఆ చెంప పట్టుకుని, సగం నోటితో నవ్వుతూ.

జబ్బు పడ్డాక కూడా ఆమె బెంగళూరులోని ఒక ప్రయోగశాల వాళ్ళకు నా గురించి చెప్పి, ఈ పనిలోనే చోటు ఇప్పించారు. ఆమె సగంలో వదిలిన పని అది.

"ఆయమ్మే పాయె. ఇంగ ఆ దవడల చదువెందుకు పాపా?" అన్నాడు నాయన నిన్న సాయంత్రం. "బుద్ధిగా బియ్యీడీలో చేరు. ఇస్కూలు పనైతే నీడపట్టున ఉంటావు."

"మనిషి పోతే పని పోతాదా నాయనా? తాత పోయినాడని సేను బీడు పెట్టినావా?"

"ఎదురు మాట్లాడేది నేర్పింది ఆయమ్మ!" అంది అమ్మ.

"నేర్పింది," అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది. మా బోరు ఆగింది, పక్క చేలో బోరు ఆగింది. నాయన తిట్టుకుంటూ మడి వైపు నడిచాడు. మేడం రోజంతా కాచుకునే నిశ్శబ్దం ఊరి మీద పరుచుకుంది. ఒక గింజ నోట్లో వేసుకుని, దవడ మీద వేళ్ళు పెట్టుకుని, మెల్లగా కొరికాను.

బి.ఎడ్.లో చేరను. సోమవారం బెంగళూరు పోతున్నాను.