దెబ్బలు తగిలినవాళ్ల చీటీ

వానలు మొదలై మోకాళ్లు పట్టేసినప్పుడల్లా మా కోడలు వింటర్‌గ్రీన్ నూనె సీసా తెచ్చి నా మంచం పక్కన పెడుతుంది. మూత తీయగానే, తాతయ్య తన మోకాళ్లకు రాసుకునే నూనె ఘాటే మళ్లీ ముక్కుకు తగిలి, నేను ఈ గదిలోంచి మెల్లగా జారిపోయి బందరులో మా తాతయ్యగారింటి వసారాలో తేలుతాను. అక్కడ ఎప్పుడూ మధ్యాహ్నం మూడు గంటలే. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి తాటాకు తడికను కదుపుతూ ఉంటుంది. పెరట్లో నాయనమ్మ ఎండబెట్టిన మామిడి ఒరుగుల పులుపు గాలిలో కలిసి వస్తుంది. నులకమంచం మీద, కుడికాలు రెండు దిండ్లపైన ఎత్తిపెట్టుకుని, ప్రభుదాసు బావ కప్పులోని వెదుళ్లు లెక్కపెడుతూ ఉంటాడు.

బావ మా మేనత్త కొడుకు, దివిసీమ వాడు. అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు, నాకు పది. ఆ ఏడు మాసూళ్లయ్యాక, కోసిన వరిచేలో చెడుగుడు ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊళ్లో వెదురుబద్దలు వేసి కట్టిన కట్టు వంకరగా అతుక్కుంటే, పడవెక్కించి, బస్సెక్కించి బందరు తీసుకొచ్చారు. ఆసుపత్రిలో డాక్టరమ్మగారు ఎముకను మళ్లీ సరిచేసి, తొడదాకా పిండికట్టు వేసి, వానలు పడేదాకా కదలకూడదన్నారు. నడక వస్తుందా అని తాతయ్య అడిగితే, "కట్టు విప్పాక చూద్దామండీ" అని ఊరుకున్నారు. ఆ మాట బావ విన్నాడు.

ఆట కనిపెట్టింది అతనే. మంచం మీంచి చెయ్యి చాపితే అందేలా పీటమీద పలక పెట్టుకుని, దానిమీద గీత గీసి, అటు దివిసీమ జట్టు, ఇటు నా బందరు జట్టు. ఒక్కో జట్టుకు ఏడుగురు, పక్కన కూర్చునేవాళ్లు ముగ్గురు. అరగదీసి సగానికి తెల్లగా చేసిన చింతపిక్కలు నాలుగు మా ఆటంతా నడిపేవి. కూతకు వెళ్లినవాడి పేరు చెప్పి పిక్కలు వేస్తే, ఎన్ని తెల్లగా పడితే అవతల అంతమంది అవుటు. నాలుగూ నల్లగా పడితే మాత్రం కూతకెళ్లినవాడికి దెబ్బ తగిలినట్టు. ఎక్కడ తగిలిందో అవతలి జట్టు చెప్పాలి. తర్వాత పిక్కలు మళ్లీ వేసి, ఎన్ని తెల్లవి వస్తే అన్ని ఆటలు వాణ్ణి కూర్చోబెట్టాలి. పేరు, దెబ్బ, ఎన్ని ఆటలు, అన్నీ ఒక చీటీ మీద రాయడం నా పని.

ఆ మనుషులు నాకు ఇప్పటికీ కళ్లముందు కదులుతారు. మా వీధిలో కొబ్బరికాయలమ్మే కోటయ్యను నేను నా జట్టులో పెట్టుకున్నాను. నిజం కోటయ్య బండి తోసుకుంటూ ఆయాసపడేవాడు గానీ పలకమీది కోటయ్య గాలిలా వెళ్లి ముగ్గుర్ని ముట్టుకుని వచ్చేవాడు. ముంజలకాలం వచ్చి, తాటిముంజలు వేళ్లమీంచి కారుతుంటే ఆ తడిచేతులతోనే పిక్కలు వేసేవాళ్లం. ఈస్టరుకు ముందు మట్టలాదివారం గుడికి పట్టుకెళ్లిన మట్టలు వాడిపోకముందే కోటయ్యకు మోకాలు పోయింది. మూడు ఆటలు.

కోటయ్య లేకపోతే నేను ఓడిపోతాను. ఒక ఆట కాగానే చీటీ మీద అతని పక్కనున్న మూడును ఒకటిగా దిద్దాను. బావ వెంటనే పట్టేశాడు.

"ఒసే రూతూ, దొంగపిల్లా! ఏదీ, చీటీ ఇటు చూపించు."

"కాయితం మనిషేగా బావా, రెండాటలు ముందొస్తే ఏమవుద్ది?"

అతను పిండికట్టు మీద గోటితో గీస్తూ అన్నాడు: "నాకు మొదట మడమే బెణికింది. చిన్నదే. మనిషి తక్కువయ్యాడని మళ్లీ కూతకెళ్లాను. అప్పుడు విరిగింది."

నేను చీటీ తీసుకుని ఒకటిని మళ్లీ మూడు చేశాను. అప్పుడే చూశాను, దివిసీమ జట్టు వాళ్ల కింద, చిట్టచివర, అతని చేతిరాతతో: ప్రభుదాసు, కుడికాలు. పక్కన అంకె లేదు. పిక్కలు వెయ్యి బావా అంటే, "నాకొద్దు. నేను లెక్కలో లేను" అని గోడవైపు తిరిగాడు.

మా క్రైస్తవ సంఘంలో ఒక అలవాటుండేది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఒక చీటీ మీద పేరూ, నొప్పి ఎక్కడో రాసి సంఘపెద్ద అయిన మా తాతయ్యకు ఇచ్చేవారు. ఆయన వాటిని తన పాటల పుస్తకంలో దాచి, ఆదివారం ఒక్కొక్కటీ చదివితే, చాపలమీది జనమంతా మోకాళ్లూని ప్రార్థించేవారు. బావ పేరు కూడా చదవాలని తాతయ్య ఆరాటం. బావ ఒప్పుకోలేదు. "ఊరంతా ప్రార్థన చేశాక కూడా నేను నడవకపోతే? చదవనని మాటివ్వు తాతయ్యా" అన్నాడు. తాతయ్య మాటిచ్చాడు. అది ఆయన్ని ఎంత బాధపెట్టిందో తెల్లవారుజామున ఆయన ఒక్కడే మోకాళ్లమీద ఉండగా చూసినదాన్ని, నాకు తెలుసు.

ఒక శనివారం గాలి మరీ ఎక్కువగా ఉంది. చీటీ ఎగిరిపోతుందని నేను దాన్ని తాతయ్య పాటల పుస్తకంలో పెట్టి, మర్చిపోయాను.

మర్నాడు గుడిలో, బాలింతరాలి చీటీ, జ్వరం చీటీ అయ్యాక తాతయ్య మరొకటి విప్పాడు. "కోటయ్య, మోకాలు. సుందరం, మెడ. వీరాస్వామి, రెండు చేతులు." ఆడవాళ్ల చాపలమీంచి "అయ్యో తండ్రీ" అన్న మూలుగు లేచింది. "జోజి, చీలమండ." తర్వాత ఆయన ఆగాడు. కళ్లజోడు పైకి జరిపి ఆడవాళ్లవైపు నన్ను వెతికి చూశాడు. అది ఎవరి రాతో, ఏ చీటీయో ఆయనకు అర్థమైపోయింది. మడిచేస్తాడనుకున్నాను. ఆయన మడవలేదు. గొంతు తగ్గించి, "ప్రభుదాసు, కుడికాలు" అని చదివి, కీళ్లనొప్పుల మోకాళ్లతో అందరికన్నా ముందు తానే వంగాడు. పక్షవాయువు మనిషిని ఇంటికప్పు విప్పి యేసు ముందుకు దించిన ఆ నలుగురి సంగతి తర్వాత బైబిల్లోంచి ఎన్నిసార్లు విన్నా, నాకు కనబడేది ఆ వంగిన వీపే.

ఆరాధన అవగానే శాంతమ్మత్తయ్య నన్ను పట్టుకుంది. మా సంఘంలో రోగుల ఇళ్లకు జావ మోసే మనిషి ఆవిడ. "మెడ పట్టేసిన సుందరం ఎవరింటోడే? జావ కాయాలిగా!" అంది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కానీ అప్పటికే ఇద్దరాడవాళ్లు కొబ్బరికాయల కోటయ్య దగ్గరికి వెళ్లనే వెళ్లారు.

"మోకాలా? నాలుగేళ్లబట్టీ చంపుతోందమ్మా! మీ గుళ్లో ఎవరు చెప్పారండీ?" అన్నాడట ఆయన, ఆశ్చర్యపోయి.

తాతయ్య మాత్రం సరాసరి వచ్చి బావ మంచం కోడు దగ్గర కూర్చున్నాడు. "మాట తప్పానురా అబ్బాయ్. నీ పేరు చదివేశాను."

బావ ముఖం గోడవైపే ఉంది. అటు తిరిగే, "నాదొక్కటేనా?" అన్నాడు.

"చీటీలో ఉన్నవాళ్లందరివీ."

"కోటయ్యది కూడానా?"

"వాడిదే మొదట."

నులక కిర్రుమంది. బావ వీపు వణికింది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. బందరు వచ్చాక మొదటిసారి నవ్వు. "అయితే పిక్కలిటియ్యవే రూతూ" అన్నాడు. వేశాడు. నాలుగూ తెల్లగా పడ్డాయి. నాలుగు ఆటలు. ఆ అంకె తన పేరు పక్కన తానే రాసుకుని, ఆ నాలుగు ఆటలూ కూర్చుని, అయిదో ఆటలో పలకమీద తన పేరుతోనే కూతకు వెళ్లాడు. నా కోటయ్యను అవుట్ చేశాడు కూడా.

లేనివాళ్ల కోసం ప్రార్థించడం పాపమా అని ఆ రోజు తాతయ్యను అడిగాను. "ఆ దెబ్బలు ఎవరో ఒకరికి తగిలే ఉంటాయమ్మా. పేర్లు ఆయన సరిచూసుకుంటాళ్లే" అన్నాడు.

తొలకరికి కట్టు విప్పారు. కుడికాలు బొటనవేలి వెడల్పు మేర పొట్టిదైంది. బందరు కాలువలు నిండేనాటికి కుంటుకుంటూ తన కాళ్లమీద తాను గుడికి నడిచొచ్చాడు. మళ్లీ చెడుగుడు ఆడలేదు. దివిసీమలో బడిపంతులై, పిల్లల ఆటకు ఈల ఊదేవాడు. మడమ బెణికిన పిల్లవాణ్ణి ఎవరెంత బతిమాలినా మళ్లీ బరిలోకి దిగనిచ్చేవాడు కాడట.

ఇప్పుడా వరిచేలు చేపల చెరువులయ్యాయి. ఆ వసారా లేదు. రోగుల పేర్లు ఫోనుల్లో వస్తున్నాయి, మనం చదివేలోపే కిందికి పోతున్నాయి. బావ రెండేళ్ల కిందట ప్రభువు దగ్గరికి వెళ్లాడు. చీటీ మాత్రం నా పాటల పుస్తకంలో ఉంది, మడతల దగ్గర చిరిగి. మోకాలికి నూనె పట్టించుకుంటూ రోజూ చదువుతాను: కోటయ్య, మోకాలు. సుందరం, మెడ. వీరాస్వామి, రెండు చేతులు. జోజి, చీలమండ. చివరి పేరు చదవను. అతని నాలుగు ఆటలూ ఎప్పుడో అయిపోయాయి.