మొక్కజొన్నపిండి ముగ్గు

ఆ రోజుల్లో మంచివాళ్లమని అనిపించుకోవాలంటే చాలా దూరం వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడూ అంతేననుకోండి, టిక్కెట్లు తేలిగ్గా దొరుకుతున్నాయి, అదొక్కటే తేడా. నేనిప్పుడు ఐర్లండులోని బాలింకాలిగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలు మొన్న వేసవిలో స్కూలు వాళ్లతో కలిసి ఆఫ్రికా వెళ్లి రెండు వారాలు సేవ చేసి వచ్చింది. "ఆఫ్రికాలో ఎక్కడే?" అంటే "ఒక విలేజ్, అమ్మమ్మా" అంది. (ఊరు, జిల్లా, తేదీ లేకుండా మాట్లాడేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట.) "ఏం చేశారు అక్కడ?" "స్కూల్ గోడలకి బ్లూ పెయింట్ వేశాం." "అంతకుముందు ఏ రంగు ఉండేది?" "బ్లూనే." "గోడలకి రంగు వెయ్యడం వచ్చినవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరా?" "దే వర్ గ్రాండ్ విత్ ఇట్, అమ్మమ్మా" (వాళ్లకేం అభ్యంతరం లేదని ఇక్కడి మాట) అని ఫోను చూసుకుంటూ మేడ మీదికి పోయింది. నవ్వు వచ్చింది గాని పైకి నవ్వలేదు. ఆ పిల్ల వేసిన నీలం రంగు వల్ల ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. నా సేవ గురించి ఆ మాట చెప్పడానికి లేదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు ముగించాను. ఆ ఆసుపత్రి నడిపే సన్యాసిని సిస్టర్లకి మలావీలో ఒక శాఖ ఉండేది, అక్కడ ఒక పల్లెలో పిల్లల్ని తూచి, తల్లులకి నాలుగు మంచిమాటలు చెప్పడానికి ఒక నర్సు కావాలన్నారు. తిండీ వసతీ వాళ్లవి, జీతం ఉండదు. మా నాన్న చర్చి మెట్ల మీద నిలబడి "మా అమ్మాయి ఆఫ్రికా వెళ్తోంది" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. "జీతమెంతండీ?" అని ఎవరైనా అడిగితే, చెవిటివాళ్లకి చెప్పినట్టు "సేవ!" అని అరిచేవాడు.

ఊరు చిన్నది, ఆసుపత్రి అంతకంటే చిన్నది. ఒక గది, ముందు సిమెంటు గచ్చు చేసిన వరండా, వెనక నా మంచం. పొద్దున్నే తల్లులు పిల్లల్ని వీపుకి కట్టుకుని వచ్చేవాళ్లు. నేను ఒక్కొక్కణ్ణి ఉయ్యాల తక్కెడలో వేలాడదీసి, బరువు కార్డు మీద చుక్క పెట్టి, పోయిన నెల చుక్కకీ ఈ నెల చుక్కకీ గీత కలిపేదాన్ని. డిసెంబరులో ఆ గీతలన్నీ కిందికి దిగడం మొదలుపెట్టాయి. పాత పంట అయిపోయి, కొత్త పంట ఇంకా మోకాలెత్తు కూడా లేని నెలలవి. నేనేం చేశాను? గోడకి బొమ్మలు తగిలించాను. చేప, గుడ్డు, పాలగ్లాసు, వేరుశెనక్కాయలు. సమతుల ఆహారం అంటే ఏమిటో, వచ్చీరాని వాళ్ల భాషలో, చేతులు తిప్పుతూ చెప్పాను. అందరూ వాళ్ల పద్ధతిలో మెల్లగా చప్పట్లు చరిచారు. మా పక్కింటి అవ్వ మాత్రం (అక్కడ అవ్వని అగోగో అంటారు, ఊరంతా ఆవిడని అలాగే పిలిచేది, నేనూ అంతే) పాలగ్లాసు బొమ్మని దగ్గరికి వచ్చి చూసి, "బాగుందే అమ్మాయ్. దీన్ని ఎంతసేపు ఉడకబెట్టాలి?" అని అడిగింది. అందరూ నవ్వారు. పాఠం బాగా ఎక్కిందనుకుని నేనూ నవ్వాను.

నా తిండికి పెద్ద మిషన్ నుంచి నెలనెలా ఒక బస్తా మొక్కజొన్నపిండి వచ్చేది. అక్కడ అందరూ దాన్ని సంకటిలా కెలికి తింటారు. నాకేమో అన్నం లేనిదే ముద్ద దిగదు, తిన్నది తినగా పిండి మిగిలిపోయేది. ఆగమన కాలం, అంటే క్రిస్మస్ ముందు నాలుగు వారాలు, రాగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. మా పేటలో క్రిస్మస్ నెలంతా ప్రతి వాకిట్లో నక్షత్రం ముగ్గు ఉండాల్సిందే, వెయ్యని ఇంటిని చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు. నేను మా వీధిలో పేరున్నదాన్ని. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నుంచి తీగలాగా సన్నటి గీత వచ్చేది. సరే, వరండా తడిబట్టతో తుడిచి, తెల్లటి పిండితో ఐదు రేకుల నక్షత్రం వేశాను. ఆకలి నెలల్లో, ఆకలి ఊళ్లో, నేల మీద పిండి పోశాను. నాకు ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టిందల్లా ఎడమవైపు రేకు కాస్త వంకర పోయిందని.

మొహం కడుక్కుని వచ్చేసరికి ముగ్గు లేదు. వరండా అద్దంలా ఉంది. అగోగో కోడలు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "తుడిచేశాను, సిస్టర్" అంది మర్యాదగా. మర్నాడూ అంతే. మూడో నాటికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చీపుళ్లతో వచ్చారు. నా శుభ్రత పాఠాలు పనిచేస్తున్నాయని పొంగిపోయాను. (వాళ్ల వాకిళ్లు నా వాకిలి కంటే శుభ్రంగా ఉండేవన్న సంగతి చూడ్డానికి నాకు తీరికేదీ?) పైగా నా కళకి అభిమానులు కూడా తయారయ్యారు. అగోగో రోజూ వచ్చి విమర్శించేది. "నిన్నటిది చిన్నది. ఇవాళ రేకులు ఎక్కువ పెట్టు." "సన్నగీత నా ముసలి కళ్లకి ఆనదే, లావుగా వెయ్యి." "మధ్యలో ఖాళీ ఎందుకు వదిలావు? నింపు, నింపు!" లావు గీత అంటే మా ఊళ్లో చేతకానివాళ్ల గీత. అయినా అభిమానుల కోరిక కాదనలేక లావుగానే వేశాను, మధ్యలో నింపాను కూడా. "ఇక్కడి స్త్రీలు ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రి వరండాను రోజూ శుభ్రం చేస్తున్నారు" అని మిషన్‌కి గర్వంగా రిపోర్టు రాశాను.

క్రిస్మస్ ముందు రోజుకి బస్తా అడుగుకి వచ్చింది. పండగనాడు వరండా నిండా పెద్ద నక్షత్రం వెయ్యాలని నా కోరిక, దానికి పిండి దాచుకోవాలి. నేను పొదుపరిని. మరుగుదొడ్డి గుంటలో చల్లడానికి తెచ్చిన సున్నం ఒక డబ్బాలో ఉంది, అదీ తెల్లగానే ఉంది. సగానికి సగం కలిపాను. ముగ్గు మల్లెపువ్వులా వచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి కోడలు ఎప్పట్లాగే తుడిచేసి వెళ్లిపోయింది. అగోగో మాత్రం గట్టు మీద కూర్చుని ఉంది.

"ఇవాళ ఎక్కువ పిండి ఖర్చు కాలేదవ్వా" అన్నాను, మెచ్చుకుంటుందని. "దొడ్డి సున్నం కలిపాను."

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఆ నవ్వు వెనకాల మనిషి మాత్రం లేదు. మరుక్షణం లేచి పరిగెత్తింది. అంత వయసు మనిషి అంత పరుగు తియ్యడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఏమైందో తెలియకుండానే వెనకాల నేనూ పరిగెత్తాను. వాళ్లింట్లో పొయ్యి మీద కుండ ఉడుకుతోంది, చుట్టూ పిల్లలు పళ్లేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, కోడలు గరిటెతో వడ్డించబోతోంది. అగోగో ఒక్క తాపు తన్నింది. కుండ దొర్లి సంకటంతా మట్టిపాలైంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటేమిటో తెలుసా? "అయ్యో, అన్నాన్ని కాలితో తంతారా!" అని కసిరాను. అంతటితో ఆగలేదు. వంగి, కింద పడ్డ సంకటి ముద్దని తాకి కళ్లకద్దుకున్నాను. అలా అద్దుకుంటుండగా వేళ్ల నుంచి సున్నం వాసన తగిలింది. చీపుళ్లు, లావు గీతలు, నింపు నింపు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పిల్లలు ఏడుస్తున్నారు. అగోగో రొప్పుతూ, ఎప్పటి విమర్శకురాలి గొంతుతోనే, "ఇవాళ్టి ముగ్గు బాగాలేదే అమ్మాయ్" అంది.

బస్తాలో ఉన్నదంతా ఎత్తుకొచ్చి ఆవిడ ముందు పెట్టాను. తీసుకోలేదు. "మా ఊరికి చుట్టంగా వచ్చావు. చుట్టం దగ్గర చెయ్యి చాపితే మా చచ్చినవాళ్లు కూడా సిగ్గుపడతారు. నేల మీద నీ దేవుడికి పోశావు, ఆయన తినగా మిగిలింది తుడుచుకున్నాం. అందులో సిగ్గేముంది?" అంది.

జీపులో పెద్ద సిస్టరమ్మ వచ్చినప్పుడు, ఊళ్లో పిండి పంచుదామని బతిమాలాను. ఆవిడది ఈ ఐర్లండే, ట్రాలీ అనే ఊరి దగ్గర పల్లె. "మిషన్ చేత్తో తిండి పెట్టడం కుదరదు" అంది. నాకు కోపం వచ్చింది. "పిల్లల గీతలు చూడండి!" అన్నాను. ఆవిడ కార్డులు చూసింది, చాలాసేపు చూసింది. "మా ఊళ్లో కరువొచ్చినప్పుడు వేరే చర్చివాళ్లు సూపు పోసి మతం మార్చారు. తాగినవాళ్లు బతికారు. నూరేళ్లు దాటినా, వాళ్ల మునిమనవల్ని చూపించి 'వీళ్లు సూపు తాగినవాళ్లు' అంటారు ఇప్పటికీ. ఆ పేరు ఈ ఊళ్లో ఎవరికీ నా చేత్తో పెట్టను" అంది. ఆ బస్తా చుట్టూ ట్రాలీ సిగ్గు ఒకవైపు, అగోగో సిగ్గు ఒకవైపు కాపలా కాస్తుంటే పిల్లలు తవుడు తింటున్నారు. చివరికి నేను అడిగాను, "ముగ్గు వెయ్యొచ్చా?" "అదేమిటి?" "మా ఆచారం. నేల మీద పిండితో." ఆవిడకి అంతకుముందే అంతా తెలుసేమో నాకిప్పటికీ తెలియదు. "ఆచారాల్లో మిషన్ జోక్యం చేసుకోదు" అని జీపెక్కింది.

ఆ తర్వాత వేసినన్ని ముగ్గులు నా జన్మలో వెయ్యలేదు. అగోగో వంతులు పెట్టింది, రోజుకో ఇంటి చీపురు. జీపు తెచ్చే పిండి మాత్రం పెరగలేదు, ఆచారాలకి బడ్జెట్ లేదు. నేనూ తవుడు కలుపుకుని తినడం నేర్చుకున్నాను, ఊరందరికీ మాత్రం చాలలేదు. వంతు రావాల్సిన ఒక ఇంట్లో ఒక చిన్నదాని గీత ఆగిపోయింది. దాని గురించి హాస్యంగా రాయడం నాకు చేతకాదు, అందుకని ముందుకు పోతున్నాను. ఫిబ్రవరిలో మిషన్ కమిటీ పెద్దమనిషి ఒకాయన ఈ ఐర్లండు నుంచే వచ్చి, ముగ్గుకి ఫోటో తీసి, మిషన్ పత్రికలో "ఆఫ్రికా కళ" అని వేయించాడు.

తర్వాత కంకులు గింజ పట్టాయి. ఊళ్లో ప్రతి పొయ్యి దగ్గరా కాల్చిన కంకుల వాసన. ఒకనాడు తెల్లారకముందే లేచి, ఇక ఎవరి కోసమూ లావుగా వెయ్యక్కర్లేదని, ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు వేశాను. గీత వెంట్రుకంత సన్నం. మా పేటలో వేసి ఉంటే వీధి వీధంతా చూడ్డానికి వచ్చేది. గట్టు మీద కూర్చుని చూశాను. ఒక్క చీపురూ రాలేదు. కోళ్లు వచ్చాయి, అవీ ముక్కుతో రెండుసార్లు పొడిచి పొలంవైపు వెళ్లిపోయాయి. ఎండెక్కాక అగోగో వచ్చింది, ముగ్గు మధ్యలోంచి తాపీగా నడుచుకుంటూ. "పిండి దండగ కదే అమ్మాయ్" అని, నా చేతిలో ఒక వేడి కంకి పెట్టి, మళ్లీ ముగ్గు మీంచే వెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. అన్నీ తెలిసి కూడా వచ్చింది. ఊరంతా కడుపునిండా తిన్న రోజున అక్కడ మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి ఒక్కతే, సేవ చెయ్యడానికి వచ్చిన నేను. అప్పటి నన్ను, గట్టు మీది ఆ పిల్లని, తిట్టాలని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ గట్టు మీద దాని పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. ముగ్గు బాగా వచ్చిందని చెబుతాను, నిజంగానే బాగా వచ్చింది. చెప్పి, కంకి చల్లారిపోతోంది, ముందు తినవే అంటాను.