మేడమ్ ఏప్రన్ ముడి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, యూనివర్సిటీలో మాకు జర్మన్ నేర్పే మేడమ్ క్యాంపస్ నుంచి నడుచుకుంటూ తార్నాకలోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మ చూడాలని అడిగిందని జర్మనీలో తమ ఊరివాళ్లు వేసుకునే గౌను వేసుకున్నారు. దాని మీది ఏప్రన్ ముడి ఎడమవైపు ఉంటే పెళ్లి కాలేదని, కుడివైపు ఉంటే అయిందని అర్థమట. మేడమ్ ముడి వెనక ఉంది.

“భర్త పోయినవాళ్లు ఇలా కడతారు” అన్నారు ఇంగ్లిష్‌లో.

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. అమ్మ లేచి ఆ ముడి విప్పింది.

“గది అందరికి చెప్పుడెందుకు బిడ్డా?” అంటూ ముందుకు తెచ్చి కట్టింది.

“ముందు కట్టేది చిన్నపిల్లలకు!” అని మేడమ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

“అయితే ఏంది?” అంది అమ్మ.

సాయంత్రం మేడమ్ ముడి మార్చకుండానే క్యాంపస్‌కు వెళ్లారు.