తాత గుర్తుపట్టే చొక్కా

అది దయ్యం వేషం కాదని ఇంకెన్నిసార్లు టైప్ చేయాలి? ఇవాళ పొద్దున ఫోన్ తనంతట తనే ఒక పాత ఫొటో బయటికి తీసి చూపించింది. మా అక్క కూతురు, ఒంటి మీద చీలమండల దాకా జారే తెల్ల చొక్కా, చేతిలో చాక్లెట్ల సంచి. వెనకాల తలుపు దగ్గర, గుండు చేయించుకున్నాక జుట్టు ఇంకా పొట్టిగానే ఉన్న మా బావ. స్టేటస్‌లో పెట్టాను. పళ్లు తోముకుని వచ్చేలోపు కరీంనగర్ నుంచి బావ మేనత్త వాయిస్ మెసేజ్: "ఇంట్ల పెద్దమనిషి పోయి ఏడాదన్న నిండకముందే దుబాయ్‌ల దయ్యాల పండుగ చేసుకున్నరా? సిగ్గనిపియ్యలేదా?" మేముండేది దోహా అని ఆమెకి చెప్పడం ఎప్పుడో మానేశాను. దయ్యం అన్న మాటని మాత్రం ఊరికే వదిలిపెట్టలేను.

ఆ ఏడాది ఎండల్లో బావ వాళ్ల నాన్న, అమ్మ మా దగ్గరికి వచ్చారు. మా దగ్గరికి అంటే అల్ తుమామాలో అక్కావాళ్ల ఇంటికి. ఉద్యోగం పేరు చెప్పి అందులో ఒక గది నేను ఎప్పుడో ఆక్రమించుకున్నాను. ఆమెని నేను అత్తమ్మ, ఆయన్ని మామయ్య అనేదాన్ని. ఎప్పుడూ తెల్ల చొక్కాలే, జేబులో ఒక రుమాలు, రుమాల్లో చుట్టిన సోంపు. పొద్దు గుంకాక పాపని తీసుకుని కాంపౌండ్‌లో ఉయ్యాల దగ్గరికి వెళ్లి, చెమటతో తడిసి తిరిగొచ్చి, "ఈ ఊర్ల గాలి గూడ పొయ్యి మీదికెల్లే వస్తది" అనేవారు. ఒక సాయంత్రం ఉయ్యాల ఊపుతూ ఊపుతూ గుండె పట్టుకుని కూలబడ్డారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. అందరూ ఆయన్ని ఊరికి తీసుకెళ్లి, కర్మలన్నీ చేసి వచ్చారు. బావ గుండుతో, అత్తమ్మ బొట్టు లేకుండా. బావ ఏడవడం మాలో ఎవ్వరమూ చూడలేదు.

ఇక ఆ ఇంట్లో ఏడాది పాటు పండుగ లేదు. బతుకమ్మ లేదు, దసరా లేదు, దీపావళి రాకముందే అది కూడా లేదని చెప్పేశారు. కొత్త బట్ట ఒంటి మీద పడకూడదు. పక్కింటి పిల్లలు కొత్త గాగ్రాలేసుకుని ఫొటోలు దిగుతుంటే పాప కిటికీలోంచి చూసేది. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా నాకు ఎవరో ఒకరితో పోట్లాడాలనిపించేది. అక్టోబరు చివర్లో కాంపౌండ్ వాట్సాప్ గ్రూపులో హాలోవీన్ మెసేజ్ వచ్చింది, పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి రమ్మని. పాప నా ఫోన్ లాక్కుని నేరుగా బావ ముందు నిలబడింది. "డాడీ, ఇది మన పండగ కాదు కదా. మన పండగలే కదా వద్దన్నారు?" బావ ఫోన్ తీసుకుని మెసేజ్ చదివాడు. "అవ్, మన పంచాంగంల లేదు. పో," అన్నాడు. నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు.

అక్క మాత్రం షరతు పెట్టింది: కొత్త బట్టలు కొనడానికి వీల్లేదు, డబ్బులు తగలేయడానికి అసలే వీల్లేదు, అందరి ఫ్లైట్ టికెట్లకీ ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. నేను యాప్‌లన్నీ తిరగేశాను. చవకవి దొరికాయి కానీ అన్నీ కొత్తవే. ప్లాస్టిక్ మాస్క్ బట్ట కింద లెక్కా కాదా అని నేనూ అక్కా గంటసేపు కొట్టుకున్నాం. చివరికి ఏషియన్ టౌన్‌కి పోయాం. అక్కడొక దుకాణంలో మా తెలుగు విని సేల్స్‌మన్ మొహం విప్పారింది, జగిత్యాల ఆయన. "దయ్యం డ్రెస్సులు మాఫీ అక్కా, లేనే లేవు. మా లేబర్ క్యాంప్ కాడికి రాండ్రి. డ్యూటీ దిగినంక అందరం గట్లనే ఉంటం, డ్రెస్ గూడ అక్కర్లే!" అక్క కూడా నవ్వింది. మొహానికి పూసే రంగుల డబ్బా ఒక్కటి కొనుక్కుని వచ్చేశాం. రంగు బట్ట కాదని ఇద్దరం ఒప్పుకున్నాం.

పాత దుప్పటికి మొహం బయటికి కనిపించేలా కంత కత్తిరించాను. పాపని కూర్చోబెట్టి మొహమంతా తెల్లగా పూస్తుంటే అత్తమ్మ వచ్చి చూసింది. "గిదేం పండుగ బిడ్డా?" పాప ఏదో వీడియోలో విన్నది విన్నట్టు అప్పజెప్పింది: "ఆ రోజు చనిపోయినవాళ్లందరూ తిరిగొస్తారంట నానమ్మా. వాళ్లు మనల్ని గుర్తుపట్టకుండా మనం వేషాలేసుకోవాలి."

"అంటె పెత్రమాస లెక్కనా?" అంది అత్తమ్మ. పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే అమావాస్య అది. మొదటి ఏడాది నిండకుండా ఇవ్వకూడదని ఆమెని ఇవ్వనివ్వలేదు. మంచం పట్టీ మీద కూర్చుని పాప మొహం వంక చాలాసేపు చూసింది. "మరి మీ తాత అంత దూరం నుంచి వస్తె, గీ రంగుల నిన్నెట్ల గుర్తువడతడు?"

పాప లేచి బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడిగేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లకి మిగిలిందే ఒక్క సాయంత్రం. "అత్తమ్మా, అదంతా ఉత్తదే! ఎవరూ రారు!" అని అరిచాను. వెనక నుంచి బావ గొంతు వినిపించింది: "వస్తడో రాడో నీకేమెరుక? ఫోన్ల జూసినవా?"

అత్తమ్మ లేచి తన సూట్‌కేస్ తెరిచింది. పోయినాయన బట్టలన్నీ ఊళ్లోనే ఇచ్చేశామనుకున్నాం. చీరల అడుగు నుంచి ఒక తెల్ల చొక్కా తీసింది. ఉతకనిది, కాలరు దగ్గర చెమట మరక అలాగే ఉంది. "ఇదేసుకపో. గిదైతె గుర్తువడతడు."

ఇదీ ఆ ఫొటో కథ. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా "సో క్యూట్, ఘోస్ట్!" అంటే, పాప "నేను ఘోస్ట్ కాదు, మా తాతని" అంది. వాళ్లు నవ్వుతూ ఇంకో చాక్లెట్ వేశారు. తిరిగొచ్చేసరికి అత్తమ్మ తలుపు బార్లా తెరిచి కూర్చుంది, ఏసీ చల్లదనమంతా బయటికి పోతున్నా ఎవరం వేయమనలేదు. "తాత వచ్చాడా?" అని అడిగింది పాప. "రాలె బిడ్డా," అంది అత్తమ్మ. పాప ఒంటి మీంచి ఆ చొక్కా విప్పగానే బావ దాన్ని మొహానికి అదుముకున్నాడు. లోపలికి వెళ్లిపోతాడేమో అనుకున్నాను. వెళ్లలేదు. అక్కడే, మా అందరి ముందే, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

ఏడాది నిండింది, సంవత్సరీకం అయింది, పండుగలన్నీ తిరిగొచ్చాయి. మొన్న తాత గొంతు ఎలా ఉండేదని పాపని అడిగితే తెల్లమొహం వేసింది. నా ఫోన్‌లో వెతికాను, ఫొటోలు తప్ప ఆయన మాట ఒక్కటీ లేదు. ఆ ఏడాది గడువు పెట్టింది మన బాధ తీరడానికి కాదు. మర్చిపోవడం మొదలుపెట్టాక మనల్ని ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండడానికి. కాదని నా మొహం చూసి చెప్పగలరా?