నా మొహం చూసి కార్లు కొన్న మా మరిదిగారు

మా మరిదిగారు పోయేరండీ. కారులో కాదు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, గోడకి చేరబడ్డారు. మా తోడికోడలు పిలిస్తే పలకలేదు. రాజోలు నుంచి డాక్టరుగారు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆయన మొదటి కారు కొన్న దగ్గర్నుంచీ, ఆ పాతకార్లు ఆయన్ని ఏ కాలవలోనో పడేస్తాయని నేను భయపడుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ నా భయం వీధివైపు చూస్తూ కూర్చుంటే, కబురు ఇంట్లోంచే వచ్చింది.

ఆయన జన్మలో కొత్తకారు కొనలేదండీ. ఊళ్ళో వాళ్ళు గల్ఫు డబ్బుతో తళతళలాడే కార్లు దింపుతుంటే, ఈయన ఒకరు వాడి వదిలేసినదే తెచ్చుకునేవారు. "మొదటి గీత ఇంకెవరో పెట్టేసేరు వదినగారూ, ఇంక మనకి బెంగేంటండీ" అనేవారు. పెళ్ళిళ్ళకి వెడితే, పందిరికి దూరంగా ఆపమని మా తోడికోడలు పోరు పెట్టేది. "దగ్గరే ఉండనీవే. మన కారుంటే పెళ్ళికొడుక్కి దిష్టి తగలదు" అని సరిగ్గా గుమ్మం ముందే ఆపేవారు.

కొత్తకారు కొన్నట్టూ, దానికి నెలనెలా కిస్తీ కడుతున్నట్టూ అనుకుని, ఆ డబ్బు తీసి పక్కన పెట్టేవారు. అలా పెట్టీ పెట్టీ కాలవ అవతల కొబ్బరితోట కొన్నారు. నన్ను అందులో తిప్పుతూ, "ఇదిగోనండి, ఇది నా స్టీరింగు. అదిగో, ఆ రెండూ హెడ్‌లైట్లు" అని చెట్లు చూపించేవారు. మా తోడికోడలికి మూత్రపిండాలు పాడయ్యేక, ఆస్పత్రి ఖర్చు ఆ తోట మీదే నడుస్తోంది. అమలాపురం తీసికెళ్ళి తీసుకురావడం మాత్రం ఆయన పాతకారు చూసుకునేది.

కారు కొనడానికి వెడుతూ మెకానిక్కుని కాదండీ, నన్ను తీసికెళ్ళేవారు. నా సంగతి మీకు తెలీదు. గ్యాసు కట్టేనో లేదో అని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషిని. ఆటపట్టిస్తున్నారనుకుని ఓసారి కోప్పడ్డాను.

"మెకానిక్కుకయితే అమ్మేవాడు టీ ఇప్పించి మంచి చేసుకుంటాడండీ. మీ భయానికి ఎవడు ఇప్పిస్తాడు టీ?" అన్నారు.

నన్ను వెనకసీట్లో కూర్చోబెట్టి, ముందుండే అద్దం నా మొహం కనపడేలా తిప్పుకుని నడిపేవారు. "రోడ్డు చూడండి మరిదిగారూ" అని నేను మొత్తుకునేదాన్ని.

"రోడ్డు కనపడుతూనే ఉందండీ. కారు ఎలా ఉందో మీ మొహంలో కనపడాలి."

ఒకసారి అమలాపురంలో తెల్లకారు చూపించేరు. కడిగిన ముత్యంలా ఉంది. లోపల నిమ్మకాయ వాసన. అందరికీ నచ్చింది. నేను మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"మరిదిగారూ, ఏరు తీసేక మనింట్లో వచ్చే వాసనండీ."

"నిమ్మకాయ వాసన కదండీ?"

"దాని కిందండీ."

మా లంకలో వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చి పోయేక, గోడలు ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు. ఆయన దిగి, కాళ్ళ కింద పట్టా ఎత్తి, సీటు సందులో వేలు పెట్టి తీసేరు. వేలినిండా ఒండ్రు.

"ఆయ్, వానకి కాస్త తడిసిందండీ" అన్నాడు అమ్మేవాడు.

"ఒండ్రు కురిసిన వాన ఏ ఊళ్ళో పడిందండీ?" అని మర్యాదగానే అడిగేరు మా మరిదిగారు.

ఆయన పోయిన వెనకాలే ఆయన చివరి కారు కూడా మూలపడింది. బాగుచేయించినా దండగే అన్నారు మెకానిక్కులు. మా తోడికోడలు ఆటోలో కుదుపులకి తట్టుకోలేదు. ఆస్పత్రికి వెళ్ళడం ఒక్కసారి తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళమ్మాయి కొత్తపేటలో టీచరు, కారు తనే నడుపుతుంది. తోట తాకట్టు పెడితే కొత్తకారు ఇప్పిస్తామని ఎవరో వచ్చేరట. పిల్ల పెట్టనంది. వాళ్ళ నాన్నలాగే పాతది ఒకటి చూసి, నా దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు రావాలి."

"నాకేం తెలుసే తల్లీ. నేను భయపడితే మీ నాన్న చూసుకునేవారు. ఇప్పుడు నేను భయపడితే ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. నువ్వు భయపడు, చాలు."

వెళ్ళేను. కానీ ఆయన పోయినప్పట్నుంచీ నాకు అన్నిటికీ భయమేనండీ. కాకి అరిచినా, ఫోను మోగినా గుండె దడ. ఇది కారు భయమో, ఉత్త భయమో నాకే తెలియటం లేదు. వద్దంటే ఆ తల్లి ఆస్పత్రికి ఎలా వెడుతుంది? సరేనన్నాక, ఆవిణ్ణి ఎక్కించుకుని దారిలో ఆగిపోతే?

కాలవగట్టు మీద పిల్ల కారు నడుపుతోంది. అమ్మేవాడు ముందు సీట్లో కూర్చుని దాన్ని పొగుడుతూనే ఉన్నాడు. ఈసారికి నా మొహంలో ఏమీ కనపడకూడదని, కొంగు సర్దుకుని, బయట కొబ్బరిచెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. పిల్ల చెయ్యెత్తి అద్దం నావైపు తిప్పింది.

గేరు మార్చినప్పుడు నా కాళ్ళ కింద కొబ్బరి కోరుతున్నట్టు చిన్న చప్పుడు. మళ్ళీ మార్చింది. మళ్ళీ అదే.

"రోడ్డు చప్పుడండీ" అన్నాడు అమ్మేవాడు.

ఎంత చెట్ల వైపు చూద్దామన్నా నా మొహం ముందుకి తిరిగిపోయింది. అద్దంలో వాళ్ళ నాన్న కళ్ళే, నన్నే చూస్తున్నాయి. కారు నెమ్మదిగా గట్టు పక్కకి జరిగి ఆగింది.