పుస్తకాన్ని ఏమీ అనకూడదట

చోడవరం బస్టాండు దగ్గర, చెప్పుల దుకాణం పైగదిలో నేను ఇంగ్లీషు చెబుతాను. బోర్డు మీద స్పోకెన్ ఇంగ్లీష్ అని ఉంటుంది గానీ, వచ్చేవాళ్లకు కావలసింది మాట్లాడటం ఒక్కటే కాదు. ఒకరికి ఇంటర్వ్యూ, ఒకరికి పోటీ పరీక్ష, ఇంకొకరికి ఆఫీసుకు పంపాల్సిన మెయిలు. ఎవరికి ఏది అవసరమైతే అది చెప్పాలి. అలా నిరుడు నా నెత్తిన పడింది పుస్తక సమీక్ష.

దాన్ని తెచ్చిపెట్టింది రోలుగుంట వైపు నుంచి ఆటోలో వచ్చే ఒక రైతు ఇంటి కోడలు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివింది. పిల్లల పుస్తకాల యాప్ నడిపే కంపెనీ ఏదో విశాఖపట్నంలో ఉందని, ఇంటి దగ్గర నుంచే చేసుకునే ఉద్యోగం ఇస్తారని ఫోన్‌లో చూసింది. పుస్తకాలు చదివి ఇంగ్లీషులో సమీక్షలు రాయాలి. ముందు వాళ్లు పంపిన పుస్తకం మీద ఒకటి రాసి పంపాలి. నచ్చినదేమిటో, నచ్చనిదేమిటో రెండూ చెప్పాలన్నది షరతు. ఇంట్లో అత్తగారు ఆమెకు చెరకు నరుకుళ్లు మొదలయ్యేదాకానే గడువిచ్చారు. ఈలోపు ఉద్యోగం వస్తే సరే. లేదంటే క్లాసు బంద్, కూలీలకు వంట చేసి పొలానికి మోయడమే.

"ఇదొక్కటి రావాల మేడమ్. లేపోతే మరి నన్ను ఆటో ఎక్కనివ్వరు" అంది మొదటిరోజే.

సరే, చూద్దామన్నాను. ఈ సంగతి తెలిసి బ్యాచ్‌లో ఇంకొకావిడ కూడా దరఖాస్తు పెట్టింది. ఇద్దరికే విడిగా చెప్పడం ఎందుకని అందరికీ కలిపి మొదలుపెట్టాను. బోర్డు మీద మొదటి మాట ప్లాట్ అని రాశాను. రాసీ రాయకముందే వెనక వరుసలోంచి ఒకాయన ఎన్ని గజాలని అడిగాడు. అతన్ననీ లాభం లేదు. బుచ్చయ్యపేట రోడ్డు పొడవునా వరిచేలు పోయి ప్లాట్ల బోర్డులే నిలబడ్డాయి. ఇది ఆ ప్లాట్ కాదు నాయనా, కథ ఎలా నడిచిందో చెప్పే మాట అని వివరించాను. అందరూ గంగిరెద్దుల్లా తలూపారు. మర్నాడు ఒక సమీక్షలో ఈ పుస్తకం ప్లాట్ చాలా మంచిది, తూర్పు ముఖం అని వచ్చింది. లోతులేని పాత్రను ఫ్లాట్ క్యారెక్టర్ అంటారంటే, అపార్ట్‌మెంట్లో ఉండే మనిషి అనుకున్నారు. మనసు కదిలించేది మూవింగ్ స్టోరీ అంటే, బస్సులో జరిగే కథట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అంతకంటే ఒళ్లు మండించినవి పొగడ్త మాటలు. గ్రిప్పింగ్, హార్ట్‌వార్మింగ్, మస్ట్ రీడ్ అని చెప్పానో లేదో, వాటిని చిలకల్లా పట్టేశారు. ఏ పుస్తకమిచ్చినా ఆ మూడే. కొందరు పుస్తకం తెరవను కూడా తెరవలేదు. ఒకరోజు చిర్రెత్తి ప్రెషర్ కుక్కర్‌తో పాటు వచ్చిన, దాన్నెలా వాడాలో చెప్పే పుస్తకాన్ని ఇచ్చి రాయమన్నాను. దరఖాస్తు పెట్టిన ఆ రెండో ఆవిడ గ్రిప్పింగ్ స్టోరీ, మస్ట్ రీడ్ అని రాసి, దిద్దమని బుద్ధిగా నా ముందు పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియక చాక్‌పీసు విసిరికొట్టాను.

మా రోలుగుంట కోడలుపిల్ల అలా కాదు. కంపెనీవాళ్లు పంపిన కథ నాలుగుసార్లైనా చదివి ఉంటుంది. వానంటే భయపడే ఎలుగుబంటి పిల్ల అడవిలో తప్పిపోయి, చివరికి ఇల్లు చేరడం కథ. నచ్చినవన్నీ చక్కగా రాసింది. నచ్చనిది అన్నచోట మాత్రం ఖాళీ వదిలేసింది. వీక్, ప్రెడిక్టబుల్, డిసప్పాయింటింగ్ అని మాటలన్నీ అర్థాలతో సహా చెప్పాను. అడిగితే గడగడా అప్పజెబుతుంది, కాగితం మీద పెట్టమంటే పెట్టదు. వారం గడిచింది. అవతల చెరకు ట్రాక్టర్లకు కొత్త టైర్లు వేయిస్తున్నారు, ఈవిడ ఖాళీ అలాగే ఉంది. నెత్తీ నోరూ కొట్టుకుని, నీ బాధేమిటో చెప్పమని నిలదీశాను.

"పుస్తకం సరస్వతి కదండి మేడమ్. కాలు తగిల్తేనే కళ్లకద్దుకుంటాం. బాగోలేదని ఎలగ రాసెత్తాను?"

చిన్నప్పుడు నేనూ కళ్లకద్దుకున్నదాన్నే, ఇప్పటికీ అద్దుకుంటాను. కానీ నా కోపం తగ్గలేదు. అచ్చుతప్పులున్న పుస్తకాన్ని కూడా దేవతను చేసి కూర్చుంటే ఉద్యోగమెలా వస్తుందని అరిచాను. తలవంచుకుని కూర్చుంది గానీ చెవిన పెట్టలేదు. అక్షరాన్ని తప్పుపడితే చదువు అబ్బదని వాళ్లమ్మ చెప్పిందట.

మర్నాడు నేను మెట్లెక్కుతుంటే పైనుంచి ఆమె గొంతు వినబడింది. రాత్రి టీవీ సీరియల్ గురించి పక్కావిడతో చెబుతోంది. అందులో కోడల్ని నెలనుంచీ ఆసుపత్రి మంచం మీదే ఉంచేశారని, చెప్పడానికేమీ లేక సాగదీస్తున్నారని, పాత ఇంటి అద్దెమనిషి ఏమైపోయాడో తీసేవాళ్లే మర్చిపోయారని దుమ్ము దులిపేస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. సీరియల్‌కి సరస్వతి అడ్డురాదన్నమాట. లోపలికెళ్లి, ఈ ఎలుగుబంటి కథ సీరియల్‌గా వచ్చిందనుకో, ఏమంటావు అని అడిగాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దారి సూపించిన కుందేలు ఏటయిపోయింది మేడమ్? అంత వానలో వచ్చింది, దారి సెప్పింది. ఈడు ఇంటికెల్లి పడుకున్నాడు. ఆ కుందేలు ఇల్లు సేరిందో లేదో ఎవరూ అడగనేదు."

అది రాయమన్నాను. పుస్తకాన్ని కళ్లకద్దుకుని, మనసులో ఏదో అనుకుని, రాసింది. నేను వ్యాకరణం మాత్రం సరిచేశాను. ఆ కుందేలు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నానన్న చివరి వాక్యం పూర్తిగా ఆమెదే. ఇన్నేళ్లలో నా గదిలో ఎవరూ అలాంటి ఇంగ్లీషు వాక్యం రాయలేదు. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను, పైకి కూడా అన్నాను.

రాలేదు. వచ్చింది కుక్కర్ పుస్తకాన్ని మెచ్చుకున్న ఆవిడకు. ఆమె ఎలుగుబంటిని ఎలుక అని రాసి పంపిందని నాకు తెలుసు, ఎందుకంటే పంపేశాకే నాకు చూపించింది. పాపం ఆవిడ తప్పేమీ లేదు, స్వీట్ల డబ్బా కూడా తెచ్చింది. నేను మాత్రం ఆ లడ్డూ తినకుండా బల్ల మీదే పెట్టేశాను. ఆ కంపెనీవాళ్ల మీద, నేను బోర్డు మీద రాసిన ఆ మూడు మాటల మీద కడుపు మండిపోయింది.

మా కోడలుపిల్ల ఆ వారంలోనే చివరిసారి వచ్చింది. నరుకుళ్లు మొదలయ్యాయి. ఆటో కింద ఆగి ఉంది, మెట్లెక్కి వచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. కంపెనీ నుంచి వచ్చిన జవాబులో ఇంగ్లీషు వాక్యాలు రెండే ఉన్నాయి. మీ సమీక్ష గ్రిప్పింగ్‌గా, హార్ట్‌వార్మింగ్‌గా ఉంది, ప్రస్తుతానికి అవకాశం లేదు అని. ఆమె ఏడవలేదు. ఫోన్ తిరిగి తీసుకుని, ఆ వాక్యాలు మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదువుకుంది.

"ఈలు నాది సదవనేదు మేడమ్" అంది. "సదివినోలు ఇలగ రాయరు."